మెరిస్తే మొద్దు

మా చిన్నప్పుడు... పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన, రేకుల కింద మా బాపు మంగలి దుకాణం ఉండేది. చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. నాకు పదకొండేళ్లు. బడి లేని పూట బాపు పక్కన కూర్చుని గడ్డం కత్తి నూరడం నేర్చుకునేదాన్ని.

నూరడం చేతికి పట్టుబడింది. పదును చూడటమే అంతుబట్టలేదు...

"ఎండకు పెట్టి సూడు బిడ్డా. అంచు మీద తెల్లగ గీత మెరిస్తె మొద్దున్నట్టు. ఏం కనబడకపోతె పదునెక్కినట్టు" అనేవాడు బాపు.

మెరిసేది మొద్దు ఏమిటో... కనబడనిది పదును ఏమిటో...

ఆ ఏడు ఇంకో చిక్కు వచ్చిపడింది. నాకు గీత కనిపించేది. బాపు అదే కత్తిని కళ్లు చిట్లించి చూసి, "ఏడున్నదే? మంచిగ తెగుతది" అనేవాడు. మళ్లీ చూస్తే నాకు మళ్లీ మెరిసేది. ముప్పయ్యేళ్లు కత్తి పట్టిన మనిషి తప్పు చూస్తాడా... నా కళ్లకే ఏదో అయిందనుకున్నాను. చివరికి ఆయన అడగకముందే "కనబడతలేదు బాపూ" అనేసేదాన్ని.

ఒక ఆదివారం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఫిట్టర్ సుబ్బారావుగారు గడ్డానికి కూర్చున్నారు. కత్తి రెండుసార్లు ఆనేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మల్లయ్యా, ఈమధ్య గీసినట్టు లేదయ్యా, పీకినట్టుంటోంది. ఇకనుంచి ఇంకోచోట చూసుకుంటాలే" అన్నారు మెల్లగా.

బాపు కత్తి పట్టుకుని బయటికొచ్చాడు. ఎండకు పెట్టి చాలాసేపు చూసి, నాకు చూపించాడు.

"నిజం జెప్పు. మెరుస్తున్నదా?"

"మెరుస్తున్నది."

"మరి కనబడతలేదని ఎందుకన్నవ్?"

"నీకు కనబడతలేదంటివి గద బాపూ..."

ఆయన కోప్పడలేదు. కత్తి నా చేతిలో పెట్టాడు. "నూరు. నీకు కనబడకపోతెనే ఇయ్యి."

సుబ్బారావుగారు సబ్బు నురగతోనే కూర్చున్నారు. నూరాను, తోలుపట్టీ మీద రుద్దాను, ఎండకు పట్టాను. గీత పోయింది... పోయిందా, పోయిందని నేనే అనుకుంటున్నానా? మళ్లీ చూశాను. భయంభయంగా ఇచ్చాను.

ఈసారి కత్తి ఆనినా సుబ్బారావుగారు కదల్లేదు. రెండో చెంప తిప్పారు. తరవాతి ఆదివారం కూడా మా దగ్గరికే వచ్చారు.

బాపుకు రెండు కళ్లలోనూ శుక్లాలని సంగారెడ్డి ఆసుపత్రిలో చెప్పారు. గియ్యడానికి ఆయన చేయి చాలు... ఆపరేషన్ అయ్యేదాకా ఏడాదిన్నర పదును చూసింది మాత్రం నేనే.

ఒక్కటే ఇప్పటికీ తేల్చుకోలేను. చూపు పోతోందని ఆయనకు ముందే తెలుసా? తెలిసే ఆ పని నాకు నేర్పాడా? అడగాల్సినప్పుడు అడగలేదు...

ఇప్పుడు గడ్డానికో కొత్త బ్లేడు... అవగానే చెత్తబుట్టలోకి. నూరడం తెలిసిన నా చేతులు ఊరికే ఒళ్లో ఉన్నాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపు తగ్గిందని మీకు మొదట ఎలా తెలిసింది... రాయండి, చదవాలని ఉంది.