తమ్ముడి నడక మీద ఏడుపు

2023లో రెండో పంట, అదే దాళ్వా, కోతలు మొదలైన రోజులవి. రామచంద్రపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికే చాలా ఏళ్ళయింది. పొద్దున్నంతా క్లినిక్, సాయంత్రం స్కూటీ మీద చుట్టుపక్కల ఊళ్ళు. మంచం దిగలేని పేషెంట్ల దగ్గరికి మనమే వెళ్ళాలి కదా. అలా వెళ్ళిన ఇళ్ళలో వీర్రాజు గారిది ఒకటి. అరవై దాటిన రైతు. మెదడుకు వెళ్ళే రక్తనాళం మూసుకుపోయి స్ట్రోక్ వచ్చింది. ఎడమ కాలూ, ఎడమ చెయ్యీ పడిపోయాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

మొదటిరోజు నేనింకా చెప్పులు విప్పుతూనే ఉన్నాను, మంచం మీంచి కేక వేశారు. "మా తమ్ముణ్ణి నడిపించింది మీరేనామ్మా?"

"కాదండీ. ఎవరండీ మీ తమ్ముడు గారు?"

"మరి మీరెందుకొచ్చారు? వాణ్ణి నడిపించినావిడ కావాలి నాకు."

తమ్ముడు సూరిబాబు గారికి అంతకు ఏడాది ముందే స్ట్రోక్ వచ్చిందట. రాజమండ్రిలో ఒక అమ్మాయి చేత వ్యాయామాలు చేయించుకుని లేచి తిరుగుతున్నారట. ఆ అమ్మాయి పేరు నేను ఎన్ని ఇళ్ళలో విన్నానో! మొన్నమొన్న కాలేజీ వదిలిన పిల్ల. నేను ఏళ్ళ తరబడి నడుములు విరగ్గొట్టుకుంటుంటే పేరు ఆవిడకి. ఎందుకు దాచాలి, నాకు ఒళ్ళు మండేది. వీర్రాజు గారికి తమ్ముడంటే పడదు, నాకు ఆ అమ్మాయంటే పడదు. మా ఇద్దరికీ జత బాగానే కుదిరింది.

కాఫీ ఇస్తూ ఆయన భార్య వెంకటలక్ష్మి గారు జరిగింది చెప్పారు. ఆ పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే ఆయన మూతి ఓ పక్కకి జారిపోయింది. ఎడమ చేతిలోని చెంబు కింద పడింది. ఆవిడ 108కి ఫోన్ చెయ్యబోతే ఈయన అడ్డం పడ్డారు.

"వాడు పోయిన ఆస్పత్రికి వాడి వెనకాల నేను పోవడమేంటి, అన్నారండీ. ఆ మాటకి మేం కూడా తలూపేం. ఆటో ఎక్కించి పసరు మందు పోసే ఊరు తీసుకెళ్ళేం."

అక్కడ నోట్లో పసరు పోశారు. పావురాన్ని కోసి వెచ్చటి రక్తం కాలికీ చేతికీ రాశారు. పక్షవాతానికి పావురం అంటే మా వైపు ఇంకా అంత నమ్మకం. కాకినాడ ఆస్పత్రికి చేరేసరికి మర్నాడయింది. నాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఒకటుంది. లక్షణం కనిపించిన నాలుగున్నర గంటల లోపలే దాన్ని ఇవ్వాలి. మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఇంకేం ఆలోచించకుండా 108 పిలవమనేది అందుకే. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం సరిగా రాదు. నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పసరు తాగి కూడా ఈయన దక్కడం అదృష్టం.

అసలు కథ అంతకుముందే మొదలైంది. సూరిబాబు గారికి స్ట్రోక్ వచ్చినప్పుడు డాక్టరు ఇంట్లో అందరినీ బీపీ చూపించుకోమన్నారు. ఈయనకీ ఎక్కువే ఉంది, మాత్రలు రాశారు. "వాడు మింగే మాత్రలు నేను మింగడమేంటి, నేనేమన్నా వాడిలా అర్భకుణ్ణా" అని కొన్నాళ్ళకే మానేశారు. ఇంత జరిగాక కూడా మాత్ర బుగ్గన పెట్టుకుని, ఆవిడ అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నారు. నాకు భయం వేసింది. ఆ బీపీతో రెండో స్ట్రోక్ వస్తే నా వ్యాయామాలు దేనికి పనికొస్తాయి?

ఒకరోజు వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. శ్రావణంలో చెల్లెలి కూతురి పెళ్ళి. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తారు. చెల్లెలు ఫోన్ చేసి, "పెద్దన్నయ్యా, నువ్వు కుర్చీలో కూర్చో, బుట్ట చిన్నన్నయ్య పట్టుకుంటాడులే" అందట.

"అది పుడితే ముందు ఎత్తుకుంది నేనమ్మా. వాడు కాదు," అన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

జాలేసింది గానీ, జాలితో కాలు లేవదు. "సరేనండీ, పడుకోండి. మీ తమ్ముడు గారు ఈపాటికి బుట్ట పట్టడం ప్రాక్టీసు చేస్తుంటారు," అన్నాను.

ఒక్క ఉదుటున లేవబోయారు. నేను పట్టుకోకపోతే పడేవారే. ఆనాటి నుంచి అదే నా మంత్రం. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి నిలబడమంటే విసుక్కునే మనిషి, తమ్ముడి పేరెత్తగానే ఇంకో రెండుసార్లు లేచేవారు. ఆషాఢం నాటికి వాకర్ పట్టుకుని వసారా అంతా తిరిగారు. మాత్ర మాత్రం మింగలేదు.

పంటకాలవ గట్టు దగ్గర గొడవై అన్నదమ్ములకి ఏళ్ళుగా మాటల్లేవు. అలాంటిది, పక్క ఊళ్ళో ఉండే సూరిబాబు గారు ఆదివారం ఆదివారం వచ్చి గేటు బయట నిలబడేవారు. కాసేపు చూసి, పలకరించకుండా వెళ్ళిపోయేవారు.

"చూశారా పొగరు! కాలొచ్చిందని చూపించుకోడానికొస్తున్నాడమ్మా," అని వీర్రాజు గారు పళ్ళు నూరేవారు. ఆ నడక చూసి నేనూ ఆ రాజమండ్రి అమ్మాయిని తలచుకుని పళ్ళు నూరేదాన్ని.

ఒక ఆదివారం వీర్రాజు గారు ఇక ఆగలేకపోయారు. "ఏంట్రా చూస్తన్నావ్? నవ్వుకోడానికా? లోపలికొచ్చి నవ్వుకో, సిగ్గులేనోడా!"

సూరిబాబు గారు నిజంగానే లోపలికొచ్చారు. చొక్కా జేబులోంచి తన మాత్రల అట్ట తీసి అన్నగారికి చూపించారు. నోరు తెరిచారు. "అ... అ..." అంటున్నారు, మాట రావడం లేదు. వీర్రాజు గారు తిడుతూనే ఉన్నారు.

నాకు అప్పుడర్థమైంది. దాన్ని అఫేజియా అంటారు. మెదడుకి ఎడమవైపు దెబ్బ తగిలితే కుడిచెయ్యి, కుడికాలుతో పాటు మాట కూడా పోవచ్చు. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు తెలుస్తుంది, చెప్పాల్సింది మనసులో ఉంటుంది, మాటే దొరకదు. "ఆయనకి మాట తడబడుతోందట అని చెప్పేనండీ, వేషాలు అన్నారు," అని వెంకటలక్ష్మి గారు గొణిగారు. రాజమండ్రి అమ్మాయి కూడా అన్నీ తిరిగి తేలేకపోయిందన్నమాట. లోపల నాకు చిటికెడు సంతోషం కలిగింది. అబద్ధమెందుకు?

"కాసేపు ఆగండి వీర్రాజు గారూ. ఆయన్ని చెప్పనివ్వండి," అన్నాను. ఎప్పుడూ లేనిది, ఆగారు.

సూరిబాబు గారి నుదుటి మీద చెమట పట్టింది. తన కాలు చూపించి, ఇది కాదన్నట్టు చెయ్యి ఊపారు. తర్వాత అన్నగారి నోటివైపు వేలు చూపించారు.

"అన్నయ్యా... నీ నోరు... నాకు... కావాలి."

అన్నగారు తమ్ముడి నడక మీద ఏడుస్తుంటే, తమ్ముడు గేటు బయట నిలబడి అన్నగారి తిట్ల మీద ఏడుస్తున్నారు. వీర్రాజు గారు తమ్ముడి చేతిలోని అట్టని చాలాసేపు చూశారు. "నా మాత్ర తేవే, నీళ్ళు కూడా," అని భార్యని కేకేశారు. మింగేసి, చిన్నపిల్లాడిలా నోరు బార్లా తెరిచి తమ్ముడికి చూపించారు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి స్ట్రోక్ పేషెంటునీ, మీకు ఎవర్ని చూస్తే కడుపు మండుతోందని అడుగుతాను. లేచి నడవడానికి ఆ మంట పనికొస్తుంది. అవతలి మనిషి ఏం పోగొట్టుకున్నాడో కూడా కనుక్కుని చెప్తాను. మాత్ర మింగడానికి అది పనికొస్తుంది.

పెళ్ళికి నన్నూ పిలిచారు. బుట్ట సూరిబాబు గారూ, వరసకి మేనమామలయ్యే మరికొందరూ పట్టుకున్నారు. వీర్రాజు గారు చేతికర్రతో పక్కనే నడిచారు, "మెల్లిగా రా, అడుగు చూసి వెయ్యి" అని తమ్ముణ్ణి కేకలేస్తూ. మండపం దగ్గర ఎవరో చుట్టం వచ్చి, "ఎలా ఉన్నావు సూరిబాబూ?" అని అడిగాడు. సూరిబాబు గారు నోరు తెరిచి మాట కోసం వెతుక్కుంటున్నారు. జవాబు రాకపోయేసరికి చుట్టం కదలబోయాడు. అంత నోరున్న వీర్రాజు గారు తమ్ముడి బదులు ఒక్క మాట కూడా అనలేదు. చుట్టం భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"ఉండవయ్యా, చెప్తాడు," అన్నారు.