అక్క వడ్డించిన పళ్లెం

మా నాన్న తౌలాగి ఆఖరుగా చేసిన పని గిన్నెలో వేళ్లు కడుక్కోవడం. ఆదివారం ప్రార్థన తరువాత అందరి మధ్యా భోజనం ముగించి, తుండుతో చేతులు తుడుచుకున్నాడు. గిన్నెలో నీళ్ల మీద కొవ్వు తెట్టెకట్టింది. "కడుపు నిండిందక్కా" అన్నాడు. చాప మీద ఒరిగాడు. మళ్లీ లేవలేదు.

అంతకు రెండేళ్ల ముందు ఆయనకు గుండెపోటు వచ్చింది. చక్కెర జబ్బు అప్పటికే ఉంది. నడిసముద్రంలోని సవాయీ దీవిలో మా ఊళ్లో ఈ రెండూ లేని ఇల్లు వెతుక్కోవాలి. నర్సు తిలోమై ఆయన పొట్ట మీద తట్టి చెప్పింది.

"ఇందులో కంటికి కనపడని సూక్ష్మజీవుల సంసారం ఉంది. చేమాకు, పచ్చరటికాయ, పులియబెట్టిన తిండి పెడితే అవి నీ గుండెను కాస్తాయి. నువ్వేమో డబ్బా మాంసం, టర్కీ కోడి తోకలు మింగుతున్నావు. మంచివి మాడి చస్తాయి. మిగతావి బలిసి నీ గుండె మీద పడతాయి."

"మా అక్క సంసారం కంటే పెద్దదా?" అని నవ్వాడు నాన్న. కానీ విన్నాడు.

ఇంటి వెనక గొయ్యి తీసి, ఆకులు పరచి, సీమపనసకాయలు పూడ్చి, పైన రాళ్లు పేర్చాడు. నెలల తరువాత ఆ పులిసిన ముద్దను ఆకులో చుట్టి కాల్చుకుని తినేవాడు. దాన్ని మాసి అంటాం. తుపాను కరువుల్లో మా తాతలను బతికించిన తిండి. కంపు మాత్రం దారి మలుపు దాకా కొట్టేది. నాన్న బొజ్జ తగ్గింది. కొండ మీది తోటకు ఎక్కడా ఆగకుండా ఎక్కసాగాడు.

నాన్న అక్క, మా మేనత్త లోసివాలే ఇల్లూ మా వాకిట్లోనే. మా దగ్గర తోబుట్టువైన ఆడదాని మాటకు మగవాడు ఎదురు చెప్పడు. పదిమందిలో ఆమె పెట్టింది వద్దంటే ఆమెనే వద్దన్నట్టు.

"ఏరా, మనింట్లో తిండికి గతిలేదని ఊరంతా చాటుతున్నావా? పందులు కూడా అటు పోవట్లేదు."

"గుండెకి మంచిదంటక్కా."

"నీ గుండెకి నర్సుంది. నా పరువుకెవరున్నారు? రేపు పాస్టరుగారు భోజనానికొస్తున్నారు. ఆయన ముక్కుకి ఈ కంపు తగిలితే నేను చచ్చినట్టే."

ఆ సాయంత్రమే ఆమె కొడుకులు రాళ్లు లాగేసి, గోతిలో పందుల పెంట పోసి, మట్టి కప్పారు. నాన్న చేతులు కట్టుకుని చూశాడు.

మరునాడు, ఆ ఆదివారం, పాస్టరు ఎదుట అత్త నాన్న పళ్లెంలో టర్కీ తోకలు గుట్టపోసింది.

"అత్తా, నాన్నకి పడదు" అన్నాను.

"అయితే నువ్వు పెట్టు. గోతిలోది తోడుకురా."

వరసగా కూర్చున్నవాళ్లంతా నవ్వారు. పాస్టరు తన పళ్లెంలోకి చూసుకున్నాడు. నాన్న తినడం మొదలుపెట్టాడు. పళ్లెం ఖాళీ కాగానే అత్త మళ్లీ వేసింది.

"చూశారా? మావాడికి ఆకలి లేక కాదు, పెట్టే చెయ్యి లేక."

అవీ తిన్నాడు.

చావుకు వచ్చినవాళ్లకు అత్త డబ్బా మాంసం పెట్టెలు పెట్టెలుగా పంచింది. ఊరంతా మెచ్చుకుంది.

మా ఆనవాయితీ ప్రకారం వాకిట్లోనే కట్టిన సమాధికి సున్నం వేసిన రోజు పాస్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"గోతిలో ఏమన్నా మిగిలిందా అమ్మా? మీ నాన్న శుక్రవారం శుక్రవారం నాకో పొట్లం తెచ్చేవాడు. నాకూ చక్కెరే. ఎవరికీ చెప్పొద్దన్నాను."