బోడి రికార్డులు

ఫిడేలాయన పోయి మూడేళ్లయింది. అయినా ఆ రికార్డుల భాగోతం తలుచుకుంటే చాలు, ఆయన భార్యకి ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేంత నవ్వొస్తుంది.

ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. పాత గ్రామఫోన్ రికార్డుల పిచ్చి మాత్రం నిలువెల్లా ఉండేది. కచేరీకి ఏ ఊరెళ్లినా ఒక చంకన ఫిడేలు, ఇంకో చంకన రికార్డుల కట్ట పెట్టుకుని దిగేవాడు. మంచం కింద అవే, అటక మీద అవే. రోజూ సాయంత్రం ఒకటి తీసి, "ఏమోయ్, ఏం రాసుందో చదువు" అనేవాడు. ఆవిడ చదివాకే ముల్లు పెట్టేవాడు.

పెళ్లైన నెలకి, ఆయన మెప్పు పొందుదామని, ఆవిడ ఉన్న రికార్డులన్నీ దుమ్ము వదిలేలా గంగాళంలో సబ్బునీళ్లు పోసి నానబెట్టింది. గంట తర్వాత చూస్తే ఏముంది, నా తల్లీ! మధ్యన అంటించిన పేర్ల కాగితాలన్నీ ఊడి, పైకి తేలి, ముద్ద ముద్దయిపోయాయి. ఆయనేమో చదవడానికి ఆవిడ కళ్లనే నమ్ముకున్న మనిషాయె. ఈ సంగతి తెలిస్తే ఇక తనని నమ్ముతాడా? గప్‌చుప్‌గా అన్నీ తుడిచి, ఎక్కడివక్కడ సర్దేసింది.

సాయంత్రం ఆయన ఒకటి అందించాడు. ఆవిడ ఆ బోడి రికార్డు వంక చూసి నోటికొచ్చింది చదివేసింది.

"'గడియారం గారాబం'. పాడినది... పదేళ్ల చిన్నారి."

ముల్లు పెట్టగానే మగగొంతు ఒకటి ఇల్లదిరేలా గర్జించింది!

"ముద్రణ తప్పండీ!" అంది ఆవిడ గబగబా.

"ఈ కంపెనీలవాళ్లింతే," అన్నాడాయన, మొహం గంభీరంగా పెట్టి.

అలా ఏడాది గడిచింది. ఆవిడ మేనత్త, పాలవాడు, ఎదురింటి లాయరు, అందరూ గాయకులైపోయారు. లాయరుగారైతే మూడు యుగళగీతాలు కూడా పాడేశాడు.

చివరికి ఒకనాడు పాత సామాన్ల వ్యాపారి రికార్డుల మార్పిడికి వచ్చి, నాలుగు తీసి చూసి నోరెళ్లబెట్టాడు.

"ఇదేంటయ్యా, అన్నీ బోడివే! ఒక్కదాని మీదా కాగితం లేదు!"

గుమ్మంలో ఉన్న ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"లేకపోవడమేంటి? మా ఆవిడ రోజూ చదువుతుందే!" అన్నాడు ఫిడేలాయన.

వ్యాపారి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆవిడ భోరుమంది. జరిగిందంతా కక్కేసింది.

ఆయన పడీపడీ నవ్వాడు. "నాకు ఆ రోజే తెలుసు. ఇల్లంతా సబ్బు వాసన! పైగా వేలు పెడితే తెలీదూ, కాగితం ఉందో లేదో?"

"మరి తిట్టలేదేం? రోజూ నాచేత ఎందుకు చదివించారు?"

"పిచ్చిదానా, ఇక్కడున్నవన్నీ వెతికితే ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. నువ్వు చదివినవి నా ఒక్కడి దగ్గరే ఉన్నాయి," అంటూ ఇంకోటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఊఁ, కానియ్. ఇవాళ ఎవరు పాడారు?"

ఆవిడ ముక్కు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది.