ఎర్రయ్య గ్రేడు

1986లో విశాఖపట్నం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక మెషిన్ షాపులో నేను జీతాల గుమస్తాను. పోర్టు క్రేన్లకీ, వేటకెళ్లే బోట్లకీ కావలసిన షాఫ్టులు అక్కడ తయారయ్యేవి. ఎవరికి ఏ గ్రేడు అన్నది ‘జాబ్ ఇవాల్యుయేషన్’ అనే ఫారం తేల్చేది. చదువుకిన్ని మార్కులు, అనుభవానికిన్ని, బాధ్యతకిన్ని వేసి కూడితే గ్రేడు వచ్చేస్తుంది. ఆ ఫారం మీద నాకు గొప్ప నమ్మకం.

ఆ ఏడాదే మాకు మొదటి సీఎన్‌సీ లేత్ వచ్చింది. మామూలు లేత్ మీద టర్నర్ చేత్తో చక్రాలు తిప్పుతూ ఇనుము చెక్కుతాడు. ఇదేమో కాగితపు టేపు మీద చిల్లులుగా ఉన్న ఆదేశాలు చదువుకుని తనే చెక్కుతుంది. ఆ ఆదేశాలు రాసే మనిషిని పార్ట్ ప్రోగ్రామర్ అంటారు. మా ప్రోగ్రామర్ సరళ. ఆనందపురం దగ్గర రైతుల పిల్ల, పాలిటెక్నిక్‌లో డిప్లొమా, బెంగుళూరులో మూడు నెలల శిక్షణ. జీతం పదిహేను వందలు. పంతొమ్మిదేళ్లుగా లేత్ మీద ఉన్న ఎర్రయ్యకి వెయ్యీ యాభై.

ఎర్రయ్యది చేపలు పట్టే కుటుంబం. అన్నదమ్ములు సముద్రం మీదికి వెళ్తే తనొక్కడూ ఫ్యాక్టరీకి వచ్చాడు. సంతకం తప్ప రాయడం రాదు. కానీ చప్పుడు విని, ఇనుము కోసే టూలు అరిగిందో లేదో పక్క మెషిన్ దగ్గర్నుంచే చెప్పేవాడు.

ఒక రోజు భోజనాల వేళ నా బల్ల మీద పే స్లిప్పు పెట్టాడు.

"బాబూ, అడిగినానని ఏటనుకోకు. ఆ పిల్లకీ నాకూ నాలుగొందల యాభై తేడా ఏటి?"

ఫారం తీసి చూపించాను. చదువు దగ్గర ఆయనకి సున్నా. ఆ సున్నా మీద వేలు పెట్టాడు.

"అయితే రాజీనామా రాసెట్టు బాబూ. ఫిషింగ్ హార్బర్ కాడ బోటింజన్లు బాగుసేసే షాపోడు రమ్మంటన్నాడు. జీతం ఇంతే. ఈ కాయితాలుండవు."

"రేపు రాస్తాను" అన్నాను. నాలుగు రోజులు అదే మాట చెప్పాను.

ఐదో రోజు ఓవర్‌టైం సంతకాల కోసం షాపులోకి వెళ్లేసరికి కొత్త మెషిన్ చుట్టూ మనుషులు మూగి ఉన్నారు. క్రేన్ కోసం సన్నని పొడవాటి షాఫ్టులు చేస్తున్నారు. చివరలు కొలతకి వస్తే నడుమ లావుగా ఉండిపోతోంది. మళ్లీ కోస్తే చివరలు సన్నబడిపోతున్నాయి. అప్పటికే రెండు పాడయ్యాయి. మూడోదీ పాడైతే ఆర్డరు చేజారుతుందని మేనేజరు సరళ ముఖం మీదే అన్నాడట. ఆమె టేపు చేత్తో పట్టుకుని ఎర్రయ్య దగ్గరికి నడిచింది.

"మావా, లెక్క పదిసార్లు చూశాను. తప్పు లేదు. ఒక్కసారి వచ్చి చూస్తావా?"

వెళ్లిపోవాలనుకుంటున్న మనిషి. నా పని కాదనొచ్చు. తన మెషిన్ ఆపి, చేతులు తుడుచుకుని వచ్చాడు. కోత మొదలవగానే కళ్లు మూసుకుని విన్నాడు.

"లెక్క సరేనమ్మా. ఇనుముకీ నడుం ఉంటాది. టూలు నొక్కితే ఒంగిపోతాది, ఒంగినకాడ లావుండిపోతాది. నడుం కాడ స్టెడీ కట్టు. మొన సన్నటి టూలెయ్యి. ఆఖరి కోత పల్సగా తియ్యి."

స్టెడీ అంటే షాఫ్టు ఊగకుండా మధ్యలో పట్టి ఉంచే ఆసరా. ఆయన చెబుతుంటే ఆమె రాసుకుంటోంది.

"ఇవన్నీ చేసినా ఇంకెంత లావు మిగులుతుంది మావా?"

"మిల్లీమీటరులో రెండు నూరో వంతులు."

"ఆ రెండూ మెషిన్ చేతే తీయిస్తాను."

"అంత సన్నంగా తియ్యగలదా ఇది?"

"రాస్తే తీస్తుంది."

ఎర్రయ్య ఆ మెషిన్ వైపు ఇష్టంగా చూడడం నాకు తెలిసి అదే మొదలు. మూడో షాఫ్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా సరిగ్గా వచ్చింది.

ప్రతి పనికీ ఏ టూలు, ఎంత వేగం, ఎంత లోతు అని రాసే సెట్టింగ్ షీటు ఒకటుంటుంది. తయారు చేసినవారు అన్న చోట సరళ రెండు పేర్లు రాసింది. ఆ షీటు నకలు తీసి, ఎర్రయ్య ఫారాన్ని మళ్లీ చూడాలని నోట్ రాసి మేనేజరు ముందు పెట్టాను.

"డిప్లొమా లేనివాడికి మార్కులెలా వేస్తావయ్యా?" అన్నాడాయన.

సరళని పిలిపించాడు. ఆమె నిదానంగానే చెప్పింది. "ఆయన వెళ్లిపోతే ఈ పని నాకు రాదు సార్. ఆ మాట నా ఫారంలో కూడా రాయించండి."

మూడు వారాల తర్వాత, పనికి తగ్గట్టు మెషిన్‌ని అమర్చే మనిషికి ‘సెట్టర్’ అని కొత్త గ్రేడు పుట్టింది. జీతం పదమూడు వందల యాభై. కాగితం ఎర్రయ్యకి చదివి వినిపించి, ఇంకా నూటయాభై తేడా ఉండిపోయిందని నొచ్చుకుంటూ చెప్పాను.

"ఉండనీ బాబూ. పిల్ల ఊరుగాని ఊరెల్లి నేర్సుకున్నాది. దానికి నూటయాభై అవుద్దిలే."

రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు. మధ్యాహ్నాలు వాళ్లిద్దరూ ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పేవారు. ఆయన తెచ్చిన చేపల పులుసు ఆమెకి, ఆమె తెచ్చిన పప్పు ఆయనకి.

నేను మాత్రం ఆ తర్వాత ఎవరి ఫారం వచ్చినా బల్ల దగ్గర కూర్చుని నింపలేదు. ముందు వెళ్లి ఆ మనిషి మెషిన్ పక్కన ఒక షిఫ్టు నిలబడేవాణ్ని. అందరికీ సరైన గ్రేడే వేశానని చెప్పలేను. చూడకుండా మాత్రం ఎవరికీ వేయలేదు.