గుమ్మం బయట పెద్దకొడుకు

మా సండేస్కూల్ టీచరమ్మ పోయిన వారం కన్నుమూశారు. షోళింగనల్లూరులో ఆఫీసు క్యాబ్ దిగుతుంటే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క ప్రభువు దగ్గరికి పొయ్యింది పాపా. తెల్లారి కాఫీ తాగి, కుర్చీలోనే అట్నే ఒరిగిపొయ్యింది. ఐస్ పెట్టె తెప్పించినాను. అందరూ వచ్చి మొహం చూసేదాకా ఉంచుతాం, నువ్వు నిదానంగా రా" అన్నాడు. మొహం చూసేదాకా ఉంచుతామన్న మాట ఆయన నోట వినడం చిన్న విషయం కాదు. ఎందుకో మీకు చెప్పాలి.

టీచరమ్మకు రాయపురంలో ఎండుచేపల అంగడి ఉండేది. బైబిలుకు వాసన పట్టకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి గుడికి తెచ్చేవారు. పాఠం చెప్పేది ప్రేమ గురించే అయినా మనిషి మహా కోపిష్టి. ఒకసారి నేను ఆలస్యంగా వెళ్లి, దేవుడు కనికరం గలవాడని మీరే అన్నారు కదా టీచర్ అని నోరు జారాను. "ఆయనకి కనికరం ఉండాది. నాకు టైమ్ ఉండాది. పోయి గోడ కాడ నిలబడు" అన్నారు. నిలబడ్డాను.

తప్పిపోయిన కుమారుడి కథ అందరు టీచర్లూ విందుతో ముగిస్తారు. ఈమె అక్కడే మొదలుపెట్టేవారు. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి చేసే విందు. లోపల పాటలు, వంటల వాసన. పెద్దకొడుకు మాత్రం అలిగి బయటే నిలబడ్డాడు. "నాయన ఏం చేసినాడు? చిన్నోడు దూరాన కనబడగానే ఉరికినాడు. పెద్దోడు అలిగితే విందు ఇడిసిపెట్టి బయటికొచ్చి బతిమాలినాడు. రెండుసార్లూ ఆయనే బయటికొచ్చినాడు, చూడండి. లోపల కూర్చోని పిలవలా. కనికరమంటే అదే పా" అనేవారు. మరి పెద్దోడు లోపలికి పోయాడా అని మేమడిగితే ఆమె మొహం మారిపోయేది. "బైబిల్లో రాయలా. నాలాంటోళ్ల కోసం ఇడిసిపెట్టినారు" అని పాఠం ముగించేవారు.

ఆ మాటకు అర్థం మా గుడిలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆమె నెల్లూరులో ఉన్నప్పుడు ఇక్కడ తల్లి పోయింది. వానలకు రైళ్లు ఆగిపోయాయి, అక్క ఎట్లాగూ రాలేదనుకుని తమ్ముడు ఆ సాయంత్రమే శవపెట్టె మూయించాడు. ఆమె ఎలాగో బస్సులు మారి చేరేసరికి సమాధి మీద తడిమట్టి మాత్రమే ఉంది. ఒక్క పూట ఆపి ఉండొచ్చు కదా అన్నారట. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరి మీదైనా కోపముంటే ముందు వాళ్లతో రాజీపడి రావాలన్నది మా గుడి పద్ధతి. చాలామంది దాన్ని ఒక మాటగా విని, లేచి ముందుకెళ్లి తీసుకుంటారు. ఈమె లేచేవారు కాదు. టీచరే రాకపోతే ఎట్లమ్మా అని పాస్టరు బతిమాలితే, "వాడి మొహం చూస్తే మాయమ్మ మొహం అడగాలనిపిస్తాది అయ్యగారూ. కడుపులో ఇది పెట్టుకోని నోట్లో రొట్టె పెట్టుకోలేను" అన్నారు. మగవాళ్ల వైపు చివరి బెంచీలో తమ్ముడూ లేచేవాడు కాదు. అక్క తీసుకోకుండా నేనెట్ట తీసుకునేది అని భార్యతో అనేవాడట. పిల్లలకు క్షమాపణ నేర్పే మనిషి తను క్షమించలేకపోవడం కొందరికి వేళాకోళంగా ఉండేది. నాకు మాత్రం ఆమె మీద గౌరవమే పెరిగింది. రాని ప్రేమను వచ్చినట్టు నటించని మనిషిని నేను ఆమెనే చూశాను.

పోయిన ఏడు ఒక మొదటి ఆదివారం పాస్టరు రొట్టె పళ్లెం ఎత్తగానే టీచరమ్మ లేచారు. ముందుకు వెళ్లలేదు. కొంగు తల మీదికి లాక్కుని నడవ దాటి మగవాళ్ల వైపుకు వెళ్లారు. మా గుడిలో ఆడవాళ్లెవరూ అటు వెళ్లరు. పాట ఆగిపోయింది. చివరి బెంచీ దగ్గర నిలబడి, "లేరా" అన్నారు.

"అక్కా, నీ కోపం..."

"పూర్తిగా పోలా. పోయేదాకా కూర్చుంటే ఇద్దరం ఈడ్నే చస్తాం. లే."

ఆయన ఏడుస్తూనే లేచాడు. ఇద్దరూ మగవాళ్ల వరుసలోనే మోకరించారు. పాస్టరు ఒక్క క్షణం తటపటాయించి ముందు ఆమె అరచేతిలో రొట్టె పెట్టారు. అన్నేళ్లుగా దూరంగా ఉన్న మనిషి వెంటనే నోట్లో వేసుకోలేదు. చెయ్యి అలాగే చాపి, తమ్ముడి అరచేతిలో రొట్టె పడేదాకా ఆగారు.