గొలుసులో శనివారం

ఐ.పోలవరంలో కృపావతి టీచరు మాటంటే మాటే. చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. ఎవరింట్లో కష్టమొచ్చినా గొలుసు ఉపవాసం పెట్టిద్దామని ముందుగా అనేది ఆమే. రోజుకొకరు వంతు వేసుకుని ఉపవాసం ఉంటారు, మధ్యలో తెగకూడదు. ఎవరి కోసం ఉంటున్నారో ఆ ఇంటివాళ్ళు సాయంత్రం జావ కాచి తెచ్చి, ఆ రోజు వంతు మనిషి చేత తాగించాలి. గొలుసు పూర్తయ్యేదాకా వాళ్ళింట్లో పొయ్యి మీద చేపా మాంసం లాంటి నీచు ఎక్కకూడదు. ఈ నియమాలన్నీ పెట్టింది కూడా కృపావతే.

ఈసారి గొలుసు పక్కింటి ఎలీసమ్మ కూతురు కరుణ కోసం. రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నెలలు నిండుతున్న పిల్ల. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. శనివారం కృపావతి వంతు. ఆ శనివారమే బడిలో టీచర్లంతా కాకినాడ ప్రయాణం పెట్టారు. వంతు మార్చుకుంటే పోయేది. కానీ నియమాలు పెట్టినావిడే మార్చమని అడిగితే నలుగురూ నవ్వరూ! కాకినాడ వెళ్ళినంత మాత్రాన నోరు కట్టుకోలేనా అనుకుంది.

మధ్యాహ్నం దాకా బాగానే కట్టుకుంది. పాత రేవు చూశారు, దొరల కాలపు గిడ్డంగులు చూశారు, దీపస్తంభం ముందు ఫొటోలు దిగారు. ఎండకి కళ్ళు తిరుగుతున్నా కరుణ పేరు తలుచుకుని నడిచింది.

"ఇంత దూరం వచ్చి ఇక్కడ భోజనం చెయ్యకపోతే ఎలాగండీ!" అంటూ లెక్కల టీచరు లక్ష్మీదుర్గ అందరినీ హోటల్లోకి తోలింది.

మజ్జిగ చాలనుకుంటూనే కూర్చుంది కృపావతి. ఈలోగా ఆకు పడనే పడింది. పప్పు, నెయ్యి, పనసపొట్టు కూర. వేసిన విస్తరి ముందు నుంచి లేవకూడదంటారు కదా, మర్యాదకి ఒక్క ముద్ద అనుకుంది. ఆ తర్వాత రొయ్యల వేపుడు వచ్చింది, కరివేపాకు ఘుమఘుమతో. ఈ రోజు నాకు ఉపవాసమండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట రావడానికి నోట్లో జాగా ఏదీ? రెండోసారి వడ్డించమని చెయ్యి చూపింది కూడా తనే.

చెయ్యి కడుక్కునే చోట అద్దంలో తన మొహం చూసుకోలేకపోయింది. సబ్బు పెట్టి ఎంత తోమినా వేళ్ళకి ఆ వాసన పోలేదు. వ్యాను యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేదాకా ఒకటే భయం, కరుణకేమైనా అయితే అది తన వల్లేనని. దేవుడు అలాంటివాడు కాదని పిల్లలకి చెప్పే మనిషే, తనకి తను చెప్పుకోలేకపోయింది.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఎలీసమ్మ వచ్చింది, చేతిలో జావ గిన్నె.

"వచ్చేరా వదినగారూ! మొహం ఎంత పీక్కుపోయిందో పాపం. ముందిది తాగండి."

"కరుణ ఎలా ఉందండీ?" అంది కృపావతి, గిన్నె అందుకోకుండా.

"బానే ఉందండీ. పొద్దుట్నుంచీ రొయ్యలు కావాలని ఒకటే గోల. కసిరేనండి. కృపావతి అత్తయ్యగారు కాకినాడ హోటళ్ళ మధ్య తిరుగుతూ కూడా నీకోసం పస్తుంటే, నువ్వు నాలుగు రోజులు ఆగలేవా అన్నాను. దాంతో నోరు మూసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుందనుకోండి."

తాగేస్తే సరి, ఎవరికీ తెలీదు. చెయ్యి గిన్నె దాకా వెళ్ళింది కూడా. వేళ్ళ దగ్గర మళ్ళీ ఆ వాసన కొట్టింది.

"నేను తిన్నానండీ," అంది. "రొయ్యలే తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను."

కృపావతి తలెత్తలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఎలీసమ్మ గిన్నె మీద మూత సర్దుకుంది.

"గొలుసు ఇంకోరోజు పెంచుదామండీ," అంది. "రేపు మళ్ళీ మీరే ఉండండి, జావ అప్పుడు తెస్తాను. ఇదిగో, పిల్లకి మాత్రం ఈ సంగతి మీరే వచ్చి చెప్పండి, ఆయ్."