లోకం లేదన్న బాపు

నిన్న కాలేజీలో ఒక విద్యార్థిని కొండగట్టు ప్రసాదం తెచ్చి ఇచ్చింది. పొట్లం విప్పగానే సిందూరం వాసనకు నేను బాపు అని పిలిచే నాన్న గుర్తొచ్చాడు.

బాపు కరీంనగర్‌లో తత్వశాస్త్రం చెప్పే లెక్చరర్. పొద్దున గడ్డం గీసుకుంటూ ఆ రోజు పాఠాన్ని పైకి చెప్పుకునేవాడు. ఒకసారి అద్దంలోకి చూస్తూ, "ఈ లోకం లేదు, కనిపించేవాళ్లెవరూ లేరు" అన్నాడు. పక్కనే నిలబడ్డ నాకు అప్పుడు ఆరేళ్లు. బాపు లెక్కలో నేను కూడా లేనేమోనని బెంగపడ్డాను. నన్ను కన్న అవ్వకు కూడా చెప్పలేదు.

ఆ వారమే కొండగట్టు గుడికి వెళ్లాం. గుంపులో బాపు చెయ్యి జారి తప్పిపోయాను. కొబ్బరికాయల దుకాణం దగ్గర ఏడుస్తూ నిలబడితే, కాలే బండల మీద ఉత్త కాళ్లతో, నా పేరు పిలుస్తూ బాపు ఉరికి వచ్చాడు.

"నేను ఉన్ననా బాపు?" అని అడిగాను.

"గదేం మాట బిడ్డా? నువ్వు లేకుంటె నేను ఎవలి కోసం ఉరుకుతున్న?" అంటూ ఎత్తుకున్నాడు. ఆయన గుండె దడదడ కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. నా బెంగ అక్కడే తీరిపోయింది.

పెద్దయ్యాక ఆయన క్లాసులోనే కూర్చున్నాను. అద్దం ముందటి ఆ మాట ఆయనది కాదని అప్పుడు తెలిసింది. తాను ఒప్పుకోని వాదాన్ని ముందు పూర్తిగా వినిపించి, ఆ తర్వాతే జవాబు చెప్పేవాడు. నేనూ ఇప్పుడు అదే పాఠం చెబుతున్నాను. ఎదుటివాళ్ల మాటను పసిపిల్ల నమ్మేంత న్యాయంగా చెప్పడం మాత్రం నాకింకా చేతకాలేదు.